పచ్చ గీతల కింద అమ్మ

కంప్యూటర్ తెర మీద మా అమ్మ సమాధిని నేను మొదటిసారి చూసినప్పుడు అక్కడ ‘నర్సరీ’ అని రాసి ఉంది. ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. రాజమండ్రిలో ఒక చిన్న డ్రాయింగ్ ఆఫీసులో పనిచేసేదాన్ని. కింద చెప్పుల కొట్టు, పైన మేము. కడియం పక్కనున్న మా ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చి వెళ్ళేదాన్ని. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివానే గానీ డ్రాయింగ్ బోర్డు మీద ఒక్క గీత గీసిన పాపాన పోలేదు. నేను చేరేటప్పటికే బోర్డులు మూలకి చేరి, వాటి మీద ప్రింటరు కాగితాల కట్టలు ఉండేవి. సర్వేవాళ్ళు మిషనుతో కొలిచి తెచ్చిన చుక్కల్ని కంప్యూటర్లో కలిపి మ్యాపు గీయడం, దాన్ని పీడీఎఫ్ చేసి అడిగినవాళ్ళకి పంపడం నా ఉద్యోగం.

మ్యాపు గీయడంలో ఏ బాధా లేదు. పీడీఎఫ్ చేసేటప్పుడే ప్రాణం మీదకి వచ్చేది. మేం గీసే సాఫ్ట్‌వేరు అందరి దగ్గరా ఉండదు కాబట్టి, ఎవరైనా తెరిచి చూసుకోవడానికి వీలుగా పీడీఎఫ్‌లోకి మార్చి ఇవ్వాలి. వినడానికి ఎంత తేలికో! తెర మీద నిక్షేపంలా ఉన్న కాలవ కాగితం మీద మాయమయ్యేది. సన్నటి గీతలు లావైపోయి ఇళ్ళన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. అందుకే ఆ బటన్ నొక్కేముందు కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకునేదాన్ని. అది చూసి మా సారు నవ్వేవారు. “దేవుడికి పీడీఎఫ్ సంగతి తెలీదమ్మాయ్, ముందు సెట్టింగులు చూసుకో” అనేవారు. ఆయన మంచివారే. కాకపోతే తొందర మనిషి.

ఆ తొందరలోనే వచ్చింది చావు. మండపేట వైపు వెళ్ళే బైపాస్ రోడ్డు ఒకటి మా ఊరి పక్కనుంచి వేస్తామన్నారు. ఆ మ్యాపు పని మా ఆఫీసుకే వచ్చింది. మా ఊరి ముక్కని వేరే అబ్బాయి గీశాడు. నేను జ్వరంతో ఇంట్లో ఉన్న రోజుల్లో సారు దాన్ని పీడీఎఫ్ చేయించి రోడ్ల శాఖ ఆఫీసుకి మెయిల్లో పంపించేశారు కూడా. నేను తిరిగి వచ్చాక, మన ఊరు ఎలా వచ్చిందో చూద్దామని సరదాగా తెరిచాను. కాలవ ఒంపు గుర్తుపట్టాను. చర్చి గుర్తుపట్టాను. చర్చి దాటి కాలవ గట్టు కిందకి వెళితే మా సమాధులుండాలి. అక్కడ ఏటవాలుగా పచ్చ గీతలు నింపేసి నర్సరీ అని రాశారు. ఆ పచ్చదనం నడిమధ్యలోంచి ఎర్ర గీత ఒకటి పోతోంది. అదే రోడ్డు.

ఆ తప్పు ఎలా జరిగిందో నాకు వెంటనే తెలిసిపోయింది. ఇంకెక్కడైనా అయితే జరిగేది కాదు. మా వాళ్ళందరూ నర్సరీల్లో కూలి పనివాళ్ళే. కవర్లలో మట్టి నింపడం, అంట్లు కట్టడం, లారీలకి మొక్కలు ఎత్తడం. మాలో ఎవరైనా పోతే రాయి వేయించే స్తోమత ఎవరికీ లేదు. ఆ బంకమట్టిలో పోసిన దిబ్బ రెండు వానలకి నేలమట్టం అయిపోతుంది. అందుకని పోయినవాళ్ళు ఏ నర్సరీలో పనిచేస్తే ఆ నర్సరీ నుంచి ఒక మొక్క తెచ్చి తలాపున నాటడం మా ఊరి ఆనవాయితీ. ఎర్ర క్రోటను, నందివర్ధనం, గన్నేరు, ఏది దొరికితే అది. పూర్వం ఒక పాస్టరు గారు సమాధులన్నీ వరసలో ఉండాలని పట్టుబట్టారట. దాంతో మొక్కలన్నీ తాడు పట్టి నాటినట్టు వరసగా ఉంటాయి. ఈస్టరుకి ముందు అందరం వెళ్ళి కత్తిరించి, పాదులు చేసి, కొవ్వొత్తులు నిలబెట్టడానికి కుండీలు కూడా పెడతాం. కొత్తవాడు చూస్తే నర్సరీ అనుకోడా మరి?

అనుకుంటే పోనీ. కానీ నర్సరీ అయితే రోడ్డుకి అడ్డమే కాదు. మొక్కల్ని లారీ ఎక్కించి ఇంకోచోట దింపుకోమంటారు. శ్మశానం అయితే ఆగి ఆలోచిస్తారు. రోడ్ల శాఖ వాళ్ళు మ్యాపు పట్టుకుని మా పంచాయతీ ఆఫీసుకి వచ్చి, అభ్యంతరాలు విని, అక్కడే గీత ఖాయం చేస్తారని చాటింపు కూడా అయిపోయింది. ఈలోగా మ్యాపులో మాట మారకపోతే మా అమ్మ మీద తారు పోస్తారు.

సారు దగ్గరకి పరిగెత్తాను. ఆయన విని తల పట్టుకున్నారు. “అయ్యో! పాపం కదమ్మాయ్. కానీ సర్వేయరు రాసుకొచ్చినదాన్ని మనంతట మనం మార్చకూడదు. రేపు ఎవరైనా అడిగితే, ఆ పిల్లది అదే ఊరు, కావాలని మార్చిందంటారు. అతన్నే మళ్ళీ వచ్చి చూసి రాసివ్వమను” అన్నారు. నాకు ఒళ్ళు మండింది గానీ, ఆయన మాటలో న్యాయం లేకపోలేదు.

సర్వేయరు అనంతపురం కుర్రాడు. అప్పటికి నిడదవోలు వైపు ఇంకో పనిలో ఉన్నాడు. ప్యాసింజర్లో వెళ్ళి పట్టుకున్నాను. “నర్సరీయే కదా మేడం? వరసలున్నాయి, కుండీలున్నాయి, కడియం పక్కనే. ఇంకేమనుకుంటాం?” అని నన్నే ఎదురడిగాడు. “మా అమ్మ ఉంది అందులో” అన్నాను. అంతే. మర్నాడు ఆదివారమైనా మోటారు సైకిలేసుకుని వచ్చాడు.

నాన్న ముందు నడుస్తూ చూపించాడు. “ఇది మా అన్నయ్యండి. ఇది మా పిన్ని. ఈ ఎర్ర మొక్క మా ఆవిడండి.” సర్వేయరు గబుక్కున వెనక్కి రెండడుగులు వేసి బూట్లు విప్పేశాడు. “అయ్యో, ఆ రోజు నేను ఇక్కడే కూర్చుని టిఫిన్ తిన్నానండీ” అన్నాడు.

“తింటే తిన్నారు లెండి బాబూ. మా ఆవిడే ఉంటే ఇంకో ఇడ్లీ వేసేది” అన్నాడు నాన్న. ఆ కుర్రాడికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాకూ అంతే. అక్కడే నాలుగు మూలలూ మళ్ళీ కొలిచి, ఇది శ్మశానం అని రాసి సంతకం పెట్టి ఇచ్చాడు.

ఇంక అయిపోయిందనుకున్నాను. అసలు కథ అప్పుడే మొదలైంది. సోమవారం పొద్దున్నే కూర్చుని హద్దులు గీసి, లోపల చిన్న చిన్న శిలువ గుర్తులు పెట్టి, పేరు రాశాను. తెర మీద ఎంతో ముచ్చటగా ఉంది. పీడీఎఫ్ చేసి తెరిచాను. సమాధులు లేవు! ఖాళీ. మళ్ళీ చేశాను. మళ్ళీ ఖాళీ. పిచ్చిదానిలా అటు తెర, ఇటు కాగితం చూసుకుంటున్నాను. మా మ్యాపుల్లో ఒక్కో రకం వస్తువు ఒక్కో పొర మీద ఉంటుంది. ఇళ్ళకి ఒక పొర, కాలవలకి ఒకటి. కొలతల కోసం సాఫ్ట్‌వేరు తనంతట తాను పుట్టించుకునే పొర కూడా ఒకటుంటుంది. దాని మీద గీసింది కంటికి కనిపిస్తుంది, ప్రింటులో మాత్రం రాదు. తొందరలో నేను ఆ పొర మీదే గీశానని కనిపెట్టేసరికి మధ్యాహ్నం అయిపోయింది. సమాధులకి వేరే పొర పెట్టి అంతా అందులోకి మార్చాను.

ఇంటికి వెళితే నాన్న గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. “అమ్మ కనపడిందా?” అని అడిగాడు.

“తెర మీద కనపడతంది నాన్నా. కాగితం మీద ఇంకా రాలేదు.”

“అదేంటే, అందులో ఉంటే ఇందులో ఎందుకు రాదు?”

పొరలు, ప్రింటు అని మొదలుపెడితే వింటూ వింటూ మధ్యలో, “మరి రేపు వత్తాదా?” అన్నాడు. అన్నం సయించలేదు. ఆయనకీ సయించలేదు.

మర్నాడు వచ్చింది. రావడం వచ్చింది గానీ శిలువల మీద మళ్ళీ పచ్చ గీతలు! నర్సరీ తీసేశాననుకున్నాను. పేరూ, గీతలూ తీశాను గానీ, ఆ గీతల కింద ఇంకో గీతల గుంపు దాక్కుని ఉంది. ఆ అబ్బాయి ఒకే చోట రెండుసార్లు నింపాడు మహానుభావుడు. వాడిని నాలుగు తిట్టి రెండోదీ తీసేశాను. ఇప్పుడు చక్కగా కనిపించింది. ఆ ఆనందంతో సారు కంప్యూటర్లో తెరిచి చూపిద్దామని వెళ్ళాను. అక్కడ తెరిస్తే తెలుగు అక్షరాల స్థానంలో ఏవో కొక్కేలు, చుక్కలు, ప్రశ్నార్థకాలు. మేం వాడే తెలుగు ఫాంటు నా మిషన్లో ఉంది, ఆయన మిషన్లో లేదు. ఫాంటుని పీడీఎఫ్‌లోనే కలిపేయాలి. కలపకపోతే అవతలివాడికి మన తెలుగు పిచ్చిగీతల్లా అగపడుతుంది. రోడ్ల శాఖ ఆఫీసులో ఇదే తెరిస్తే? ఇది శ్మశానం అని నేను మొత్తుకుని రాసినా వాళ్ళకి కొక్కేలే కదా! ఫాంటు కలిపి, సారు మిషన్లోనూ, పక్క నెట్ సెంటర్లోనూ తెరిచి చూసుకునే దాకా కుదుటపడలేదు.

ఇంక పంపడమే. మెయిల్ వెళ్ళలేదు. మ్యాపు కింద పాత గ్రామ నక్షా స్కాన్ చేసి పెట్టడంతో ఫైలు ఏనుగంత అయింది. సారు కుదించమన్నారు. కుదిస్తే శిలువలు నలకల్లా తయారయ్యాయి. నక్షాని మాత్రమే పల్చబరిచి, గీతల్ని ముట్టుకోకుండా మార్చాను. అప్పుడు మెయిల్ వెళ్ళింది. వెళ్ళినట్టే వెళ్ళి, అవతలివాళ్ళ మెయిల్ డబ్బా నిండిపోయిందని తిరిగొచ్చింది. ఏడుపొచ్చేసింది నాకు. మర్నాడే పంచాయతీ ఆఫీసులో సభ.

సీడీలో వేసుకుని ఆటో ఎక్కి నేనే రోడ్ల శాఖ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి గుమాస్తా గారు కళ్ళజోడు పైకెత్తి చూసి, “ఆ మ్యాపు ఎప్పుడో వచ్చిందిగా అమ్మా. ఇంకా ఎందుకు?” అన్నారు.

“అది తప్పండి. దిద్ది తెచ్చాను. ఇదే ప్రింటు తీయాలండి.”

“పేరు అదే ఉందే!”

అదీ నా ఖర్మ. పంపిన ఉత్తరంలో ఆ పేరే ఉంది కాబట్టి ఫైలు పేరు మార్చొద్దని సారు గట్టిగా చెప్పారు. పేరు చివర కొత్తది అని ఒక్క మాట తగిలించి ఉంటే ఎంత బావుండేది! గుమాస్తా గారు సీడీ పెట్టి ఫైలు లాగారు. ఈ పేరుతో ఒకటి ఉంది, దాని స్థానంలో ఇది పెట్టాలా అని కంప్యూటర్ అడిగింది. నేను వంగి చూసేలోపే ఆయన ఏదో ఒకటి నొక్కేశారు. “అవును నొక్కారా అండీ?” అని అడిగాను. “ఆఁ, ఏదో నొక్కాను, పోయిందిగా” అన్నారు. తెరిచి చూపించమని బతిమాలాను. ఆయన తెరవబోయారు, కరెంటు పోయింది. ఎంతసేపు నిలబడినా రాలేదు. “నేను చూసుకుంటాలేమ్మా, ఆఖరి బస్సు పోతుంది, వెళ్ళు” అన్నారు. ఆయన చూసుకుంటారన్న నమ్మకం నాకు రవ్వంత కూడా లేదు.

ఆ సాయంత్రం నాన్న అడిగాడు, కనపడిందా అని. “కనపడింది నాన్నా, కానీ వాళ్ళు ఏది తెస్తారో తెలీదు” అన్నాను. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళి ఊరికే గొడ్డలి పదును పెడుతూ కూర్చున్నాడు. కొట్టడానికి కట్టెలేం లేవు.

సభ రోజు పంచాయతీ ఆఫీసు వరండా అంతా జనమే. మా పేట వాళ్ళందరూ పని మానుకుని వచ్చారు. రోడ్ల ఇంజనీరు గారు జీపు దిగి, చంకలో చుట్టిన కాగితం పెట్టుకుని లోపలికి వచ్చారు. ఆ చుట్టలో మా అమ్మ ఉందో, క్రోటన్ల నర్సరీ ఉందో నాకు తెలియదు. మనుషుల్ని తోసుకుంటూ బల్ల దగ్గరకి వెళ్ళి నిలబడ్డాను. ఆయన కాగితం విప్పారు. అది మళ్ళీ చుట్టుకుపోయింది. ఒక పక్క టీ గ్లాసు, ఇంకో పక్క జీపు తాళాలు బరువు పెట్టారు. ఆ గ్లాసు సరిగ్గా మా చర్చి మీద పెట్టారు! సిగ్గు విడిచి గ్లాసు నేనే జరిపాను.

శిలువలున్నాయి. ‘క్రైస్తవ శ్మశానం’ అని చక్కటి తెలుగులో, ఒక్క ఒత్తు కూడా చెదరకుండా ఉంది. నేను “ప్రభువా!” అని పైకే అనేశాను. వెనక నుంచి మా పేట ఆడవాళ్ళు “ఉందా? ఉందా?” అని గుసగుసలు. ఉందని తలూపాను.

ఇంజనీరు గారు స్కేలు తీసి శిలువల మీద పెట్టి కొలిచారు. కాగితం మీద ఇంత అయితే నేల మీద ఎంతో మ్యాపు మూల రాసి ఉన్న లెక్క చూసుకుని పెదవి విరిచారు. “ఇంతేనా! ఓ చిన్న ముక్కకే ఇంత గొడవా? దీన్ని అటు పక్కకి మార్పించేయొచ్చు. రోడ్డు ఇలాగే పోనిద్దాం” అన్నారు.

ఇంతేనా? ఎలా ఇంత అవుతుంది? సర్వేయరు కొలిచింది నా కళ్ళ ముందే కదా. అప్పుడు కాగితం అంచులు చూశాను. చుట్టూ తెల్లగా బోలెడంత ఖాళీ. నేను చేసింది పెద్ద కాగితానికి. అక్కడ ప్రింటు తీసేటప్పుడు ‘కాగితానికి సరిపెట్టు’ అన్న సెట్టింగు అలాగే వదిలేసి, చిన్న కాగితం మీదకి కుదించేశారు. మ్యాపు కుంచించుకుపోయింది, మూలన రాసిన లెక్క మాత్రం అలాగే ఉంది. ఆ లెక్కతో కొలిస్తే మా ఊరే సగం అవుతుంది.

పెద్దవాళ్ళ ముందు మాట్లాడే ధైర్యం నాకు ఏనాడూ లేదు. అయినా అన్నాను. “సార్, ప్రింటు కుదించి తీశారండి. మూలన రాసిన లెక్క పనికిరాదండి. కింద పట్టీలా గీసిన కొలబద్ద ఉంది చూడండి, అది మ్యాపుతో పాటే కుంచించుకుపోతుంది. దానితో కొలవండి.”

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. “నువ్వెవరమ్మా?”

“ఈ మ్యాపు గీసిన అమ్మాయినండి.”

ఆయన స్కేలు పట్టీ మీద పెట్టారు. తేడా ఆయనకే తెలిసింది. మళ్ళీ శిలువల మీద పెట్టి కొలిచారు. “చాలా పెద్దదే. ఇన్ని సమాధులు మార్చడం అయ్యే పని కాదు” అని తనలో తాను అనుకున్నట్టుగా అన్నారు. మా పేట వాళ్ళు ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. ఎవరో పాట కూడా ఎత్తుకోబోయారు.

అయితే రోడ్డు ఎటో ఒక వైపు పోవాలి కదా. ఆయన జేబులోంచి పెన్సిలు తీసి, ఎర్ర గీతని కాలవ వైపు నుంచి వదిలించి, ఇవతలికి వంచుతూ కొత్త గీత గీశారు. నేను ఆ పెన్సిలు ముక్కుని చూస్తున్నాను. చర్చి దాటింది. చేతి బోరింగు దాటింది. మా వీధి చివరి ఇంటి మీదుగా పోయింది. పక్కన చిన్న వసారా ఉన్న ఇల్లు. మ్యాపు మీద గోరంత పెట్టె.

“ఈ ఒక్క ఇల్లు పోతుంది. ఎవరిదిది?” అని అడిగారు ఇంజనీరు గారు.

కాగితం మీద గీతలు మా పేట వాళ్ళెవరికీ తెలియవు. నాన్న నా భుజం మీదుగా తొంగి చూసి, “ఎవరిదంటమ్మా?” అన్నాడు.

“మనదే నాన్నా.”

ఆయన ఆ పెట్టెని చూశాడు. తర్వాత శిలువల్ని చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని ఇంజనీరు గారి వైపు తిరిగాడు.

“అలాగే గీసుకోండి బాబూ. మేమైతే లేచి పక్కకి జరుగుతాం. అదెక్కడికి జరుగుద్దండి?”

ఇంజనీరు గారు పెన్సిలు పక్కన పెట్టి, ఆ గీత మీద పెన్నుతో దిద్దారు.